బాలవ్వ పేరు మీద నాలుగు తెరలు

శ్రీ బాలవ్వ జిన్నింగ్ అండ్ ప్రెస్సింగ్ మిల్లు బోథ్ మండలంలో, పత్తి చేల నడుమ, నీలిరంగు రేకుల కింద వెలసిన ఒక సామ్రాజ్యం. దానికి ఉత్తరపు సరిహద్దు ప్రహరీ గోడ, దక్షిణపు సరిహద్దు తూకపు కాంటా, తూర్పు పడమరలు పక్కవాళ్ల సోయా చేలు. ఏలిక పేరు భూమన్న. ఒకప్పుడు స్వయంగా నాగలి పట్టిన మనిషి. ఇప్పుడు సేటు అని పిలవకపోతే ఆయనకు వినిపించదు. ఈ సామ్రాజ్యానికి ఒకే ఒక్క శాసనం ఉంది: ఇక్కడ తిరిగే ప్రతి యంత్రమూ సేటు తల్లి బాలవ్వ పేరు మీదే తిరగాలి. కాంటా మీద బాలవ్వ. లారీల నుదుట బాలవ్వ. సీజను మొదటి రోజున స్విచ్చు వేసే చెయ్యి ఎవరిదైనా సరే, నోరు ముందుగా 'బాలవ్వ పేరు మీద' అని పలకాలి. ఒక ఏడు కొత్త ప్రెస్సుకు ఈ మర్యాద జరపడం మరచిపోయారట. దీపావళి నాటికి దాని ఇరుసు విరిగింది. విరిగింది నూనె పోయకపోవడం వల్లనని విన్నవించిన ఫిట్టరు మరుసటి సీజనులో ఆ ప్రాంగణంలో కనిపించలేదు.

ఇలాంటి రాజ్యంలో ఈ ఏడు ఒక పాలనా సంస్కరణ తలపెట్టారు. కరీంనగర్‌లోని ఒక చిన్న కంపెనీ తరఫున అరుణ్ అనే ఇంజినీరు వచ్చి, ఆఫీసు వెనక గదిలో, ఏసీ చల్లదనం మధ్య, సర్వరు అనే నల్లపెట్టెను ప్రతిష్ఠించాడు. మోటార్ల వేడి, ఫ్యాన్ల వేగం, గాలి గొట్టాల్లో నిప్పురవ్వ పుడితే పసిగట్టే కళ్లు, దూది పడే గదిలోని కెమెరా, అన్నీ తమ విన్నపాలను తీగల మీదుగా దానికే పంపుతాయి. ఆలోచన అంతా ఆ పెట్టెదే. మిగతా చోట్ల పెట్టినవి థిన్ క్లయింట్లు అనే అరచేతిలో పట్టే డబ్బాలు, ఒక్కో దానికి వేలితో తాకే తెర. వాటికి సొంత బుద్ధి అంటూ లేదు. సర్వరు చూపమన్నది చూపుతాయి. వేలు ఎక్కడ తాకిందో సర్వరుకు చెప్పుకుంటాయి. లోకంలోని సామంతులంతా ఇంత వినయంగా ఉండి ఉంటే చరిత్ర పుస్తకాలు చాలా పలచగా ఉండేవి.

సామంత పీఠాలు నాలుగు. పత్తి నుంచి గింజ తీసే జిన్నుల హాలులో ఒకటి, దూదిని బేళ్లుగా నొక్కే ప్రెస్సు దగ్గర ఒకటి, కాంటా గదిలో ఒకటి. నాలుగోది మిల్లులో లేదు. మోకాళ్ల నొప్పుల వైద్యం కోసం కరీంనగర్‌లోని కొత్త ఇంట్లో ఉంటున్న బాలవ్వ మంచం ఎదుట, తన పేరు మీద తిరిగే యంత్రాలను ఆమె కళ్లారా చూసుకోవాలని, సేటు దాన్ని పెట్టించాడు.

జిన్నుల హాలులో, అద్దాల గదిలో, మొదటి పీఠం ముందు కూర్చున్నది కోమల. నిర్మల్‌లో ఐటీఐ చదివి, రెండు సీజన్లు జిన్నులకు పత్తి అందించి, ఈ ఏడే కుర్చీ దాకా వచ్చింది. ఆ కుర్చీ మీద ఫిట్టరు కొండల్‌కు పాత ఆశ ఉండేది. తనకోసం కాదు, పని లేక తిరుగుతున్న తన బామ్మర్ది కోసం. అందుచేత రోజుకు నాలుగుసార్లు అద్దం మీద వేలితో కొట్టి, "ఏం కోమలా, టీవీల ఏమొస్తుంది? పాటలా, సినిమానా?" అని క్షేమం విచారించేవాడు.

కోమల నవ్వేది కాదు. ఆమెకు ఆ తెరలో పాటల కంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. జిన్నుల్లో గింజ విడిపోయిన దూది పెద్ద ఫ్యాను గాలికి కొట్టుకొని, గొట్టం గుండా ఎగురుకుంటూ పోయి, హాలు అవతలి దూది గదిలో పడుతుంది. అక్కడ గొట్టం నోటి ముందు కూర్చొని దూదిలోంచి ఆకూ పుల్లా ఏరే ఆడవాళ్లలో ఆమె తల్లి పోశవ్వ ఉంటుంది. పత్తిలో ఏ ఇనుప ముక్కో వచ్చి జిన్ను పళ్లకు తగిలితే రవ్వ లేస్తుంది. రవ్వను గొట్టం లోపలే చంపాలంటే ఫ్యాను ఆపాలి. ఆపకపోతే ఆ ఫ్యానే దాన్ని ఊది ఊది పెంచి, మంట చేసి, తీసుకెళ్లి పోశవ్వ ఒడిలో పెడుతుంది.

పూర్వ పరిపాలనలో ఫ్యాను స్విచ్చు దగ్గర ఒక మనిషి, దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క ఒకటి ఉండేవి. పొగ వాసన వస్తే మనిషి పట్టాను బాదేవాడు, స్విచ్చును దించేవాడు. ఇప్పుడు మనిషిని గేటుకు మార్చారు. పట్టా ముక్క తలుపుకు అడ్డంగా పడి ఉంది. స్విచ్చు ఉన్న డబ్బాకు తాళం పడింది. తాళంచెవి సేటు జేబులో ఉంది. రవ్వను పసిగట్టడం సర్వరు పని. హారను మోగడం తెర పని. తెర మీద కనిపించే ఎర్రని అరచేతి బొమ్మను తాకి ఫ్యాను ఆపడం కోమల పని. గోడ మీద విడిగా ఒక సైరను, నేరుగా తీగతో కట్టింది, ఉండాలని అరుణ్ మొదట్లో అన్నాడు.

"సైరన్ మొగితే రైతులు భయపడి బండ్లు మలుపుకొని పక్క మిల్లుకు పోతరు సారూ," అన్నాడు సేటు. "నీ డబ్బలల్లకెల్లే మెల్లగ మొగనియ్యి. ఇన్నోళ్లు ఇంటరు."

అరుణ్ రెండోసారి అనలేదు. సంస్థాపన పూర్తయిందని సేటు ఒప్పుకుంటేనే అతను ఉట్నూర్‌లో ఎదురుచూస్తున్న మరో పనికి వెళ్లగలడు. చదువుకున్నవాడి ధైర్యానికి ఇలాంటి చోట్లే హద్దురాళ్లు పాతి ఉంటాయి.

పేర్ల దగ్గర మరో పేచీ వచ్చింది. సర్వరులోకి ప్రవేశించే ప్రతివారికీ ఒక పేరు ఉండాలి గనక అరుణ్ జిన్నుకొకటి, ప్రెస్సుకొకటి, కాంటాకొకటి, సేటు ఇంటికొకటి, నాలుగు పేర్లు పెట్టి చూపించాడు. సేటు ముఖం మబ్బు పట్టింది.

"గిదేంది సారూ? నా మిల్లుల నాలుగు పేర్లా? మా అవ్వ పేరు యాడ?"

"ఇంటి దగ్గరి తెరకు పెట్టిన సేటూ."

"ఇంట్ల అవ్వ పేరు నువ్వు పెట్టుడేంది, మా తాత పెట్టిండు. మిల్లుల పెట్టుమంటున్న. నాలుగు డబ్బలు, నాలుగింటికి బాలవ్వ. తెరిసెటప్పుడు బాలవ్వ అనే తెరుసుకోవాలె."

"అందరికి ఒకటే పేరుంటే ఎవలు ఏం జేసిండ్రో తెలువది సేటూ."

"నాకు తెలుస్తది," అన్నాడు సేటు. "మంచిగైతే నేను జేసినట్టు. చెడిపోతే కొండల్ జేసినట్టు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కొండల్ కూడా నవ్వాడు. నవ్వక గత్యంతరం లేదు. అరుణ్ పాత పేర్లు తుడిచేసి, నాలుగు డబ్బాల్లోనూ బాలవ్వ పేరునూ దాని రహస్య పదాన్నీ ముందే నింపిపెట్టాడు. ఇక ఎవరూ ఏదీ రాయనక్కర లేదు. నల్లబడిన తెరను వేలితో తాకితే చాలు, బాలవ్వ లోపలికి వెళ్లిపోతుంది.

పరీక్ష కూడా జరిపాడు. అయితే అప్పటికి హైదరాబాదు నుంచి చేరింది ఒకే ఒక్క డబ్బా. దాన్ని ఉత్సవ విగ్రహంలా జిన్నుల హాలుకు ఊరేగించి చూశాడు, పని చేసింది. ప్రెస్సుకు ఊరేగించాడు, చేసింది. కాంటా గదికి, అక్కడి నుంచి కారులో కరీంనగర్ దాకా ఊరేగించాడు, అక్కడా చేసింది. నాలుగు చోట్లా పని చేసింది కాబట్టి నాలుగూ పని చేస్తాయని నిర్ధారించాడు. నాలుగూ కలిసి ఒకేసారి తెరుచుకునే క్షణం మాత్రం ముహూర్తం మర్నాటి దాకా రాలేదు. ఆ సర్వరుకు పుట్టుకతో వచ్చిన నియమం ఒకటి ఉంది: ఒక పేరుకు ఒకే ఆసనం. అదే పేరుతో ఇంకొకరు ఇంకొక చోట లోపలికి వస్తే, ముందు కూర్చున్నవారి కింది నుంచి ఆసనాన్ని లాగి, ఉన్నది ఉన్నట్టుగా, తెరిచిన పేజీతో సహా, కొత్తవారికి ఇస్తుంది. మొదటివారి ముందు నల్లని తెర మిగులుతుంది. హారను చప్పుడు కూడా ఆసనం వెంటే పోతుంది. ఆ నియమాన్ని ఒక్క గుర్తు తీసివేసి మార్చవచ్చు. అది ఉన్నదని తెలిసినవాడైతే.

ముహూర్తం వైభవంగా జరిగింది. కొబ్బరికాయలు కొట్టారు, మొదటి పత్తి బండి ఎడ్లకు బొట్లు పెట్టారు. కరీంనగర్‌లో మంచం మీద కూర్చున్న బాలవ్వ చేత, ఫోనులో కొడుకు చెబుతుండగా, తెర మీది ఆకుపచ్చ అరచేతి బొమ్మను తాకించి ఫ్యాను తిప్పించారు. "ఎర్రది ముట్టితే ఆగుతది అవ్వా, గది ముట్టకు," అని సేటు హెచ్చరించాడు. అక్కడ తాకితే ఇక్కడ ఫ్యాను హోరుమని లేచింది. చప్పట్లు మోగాయి. అరుణ్ ఆ సాయంత్రమే ఉట్నూర్ వెళ్లే జీపు ఎక్కాడు.

మర్నాటి నుంచి కోమల తెర ఆరిపోవడం మొదలైంది.

కారణం ఉండేది కాదు. మోటార్ల అంకెలు పచ్చగా, శాంతంగా కదులుతూ ఉండగానే తెర గుడ్డిదయ్యేది.  తాకితే వెలిగేది. కాసేపటికి మళ్లీ ఆరేది. వేలి తడి వల్లనేమోనని కొంగుతో తుడుచుకొని తాకింది. దుమ్ము వల్లనేమోనని తెరను తుడిచింది. తీగలు పీకి పెట్టింది. తెర నల్లగా ఉన్నంతసేపూ ఆమెకు గొట్టంలో ఏమవుతున్నదో తెలియదు. తెలియని ఆ కాస్త వ్యవధిలో అద్దం అవతల అందరి పనీ యథాప్రకారం సాగుతుండటమే ఆమెకు అన్నిటికంటే భయంగా ఉండేది.

అరుణ్‌కు ఫోను చేసింది.

"సార్, తెర మాటిమాటికి పోతుంది సార్."

"తీగ లూజున్నదేమో చూడమ్మా."

"చూసిన సార్. నేను పెట్టని పేజీ కూడ వస్తుంది. నేను మోటర్ల పేజీ పెడ్త. పోయి వచ్చినంక దూదిగది కెమెరా పేజీ ఉంటది. ఎప్పుడైనా గదే."

ఉట్నూర్ ఏజెన్సీలో గాలికి మాటలు తెగిపోతున్నాయి. "వేలు తగిలి ఉంటది... జర మెల్లగ ముట్టు... ఫికర్ జెయ్యకు..." అంటూ అరుణ్ స్వరం అడవిలోకి వెళ్లిపోయింది.

అద్దం అవతలి నుంచి కొండల్ అంతా చూశాడు. "చెప్పిన గద సేటుతోని. ఆడపిల్ల చేతుల పడితే మిషిన్ గూడ అలుగుతది. మా బామ్మర్ది కూసుంటే తెర కిక్కురుమనకపోవు."

మధ్యాహ్నం సేటు స్వయంగా వచ్చాడు. ఆయన వచ్చిన ఆ క్షణాన తెర, మర్యాద తెలిసిన నౌకరులా, చక్కగా వెలుగుతూ ఉంది.

"మంచిగనే ఉన్నది గద పిల్లా?"

"ఇప్పుడుంది సేటూ. మల్ల పోతది."

"ఎందుకు పోతది? నువ్వు లేసి తిరుగుతున్నవేమో. ఇనుకో. కుర్చీల కూసున్నంక లేవద్దు. ఇడిసిపెట్టి లేసినవంటే ఇగ గా కుర్చీ నీది కాదు. ఎల్లుండి ఆదిలాబాద్ కెల్లి యాపారులు వస్తుండ్రు మిల్లు జూస్తందుకు. ఆళ్ల ముంగట తెర పోయిందనుకో..."

వాక్యం పూర్తి చేయలేదు. చక్రవర్తులు శిక్షలను మధ్యలో వదిలేస్తారు. మిగతాది ప్రజలు ఇళ్లకు వెళ్లి ఊహించుకుంటారు. కోమల ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని అదే చేసింది.

"అవ్వా, రేపటికెల్లి గొట్టం మూతి కాడ కూసోకు. జర ఇవతలికి జరుగు."

"మూతి కాడనే దూది ఎక్కువ పడ్తది, ఆడ కూసుంటెనే పని కనవడ్తది," అంది పోశవ్వ. "నువ్వు కుర్చీల ఉన్నవు గదనే, నాకేం భయం?"

ఆ మాట విన్నాక కోమలకు ముద్ద దిగలేదు.

ఇదే కాలంలో, బోథ్‌కు చాలా దూరాన, కరీంనగర్‌లో గ్రానైటు పరిచిన ఇంట్లో, బాలవ్వ కూడా అన్నం సయించని దశలోనే ఉంది. కొడుకు పెట్టించిన తెర ఆమెకు ప్రాణమైంది. అంకెలతో ఆమెకు నిమిత్తం లేదు, చదువు రాదు. అటూ ఇటూ తాకి దూది గది బొమ్మ సంపాదించింది. తెల్లని కొండలాంటి దూది, దాని ముందు వంగి ఏరే ఆడవాళ్లు, వాళ్లలో మొహానికి పచ్చ కొంగు కట్టుకొని గొట్టం మూతి దగ్గరే కూర్చునే ఒక మనిషి. చేతివాటం చూసి బాలవ్వ ఆమెను ఇష్టపడింది. కానీ కాసేపు చూసేసరికి ఎవరో తెరను ఆర్పేస్తున్నారు. తాకితే వస్తుంది, మళ్లీ ఆర్పేస్తున్నారు. బాలవ్వ ఈ ఇంటి రాజకీయాలు తెలిసినది గనక ఒక నిర్ణయానికి వచ్చింది.

"కోడలు పిల్లా! నీ సీరియల్ నువ్వు జూసుకో, నా మిల్లు నన్ను జూడనియ్యి!"

"నేను ముట్టలే అత్తమ్మా!" అని వంటింట్లోంచి జవాబు వచ్చేది. ముట్టలేదు కూడా. కానీ అత్తగారు నమ్మినట్టు చరిత్రలో ఎక్కడా నమోదు కాలేదు.

ఇలా ఇద్దరు స్త్రీలు, ఒకరి ఉనికి ఒకరికి తెలియకుండా, ఒకే పేరుతో, ఒకే సింహాసనం కోసం, మూడు రోజులు యుద్ధం చేశారు. ఆయుధం చూపుడు వేలు. గెలుపు క్షణికం, ఓటమి నల్లనిది. ప్రెస్సు దగ్గరా కాంటా గదిలోనూ పనివాళ్లు మొదటి రోజే విసుగు చెంది తెరల మీద గోనెపట్టాలు కప్పారు కాబట్టి యుద్ధం ఇద్దరితోనే ఆగింది.

వ్యాపారులు వచ్చిన రోజున కోమల తెల్లవారకముందే లేచి, తల్లికి మరోసారి చెప్పి చూసి, ప్రయోజనం లేక మిల్లుకు వచ్చింది. ఉదయమంతా తెర వస్తూ పోతూ ఉంది. ఇప్పుడు ఆమె దాన్ని వేరే కళ్లతో చూడసాగింది. యంత్రం చెడిపోతే చెడిన పేజీ ఒక్కోసారి ఒక్కోటి రావాలి. ప్రతిసారీ దూది గదే ఎందుకు వస్తుంది? ఒకసారి తెర తిరిగి వచ్చేసరికి కెమెరా బొమ్మ పెద్దది చేసి ఉంది. దాని నడుమ పోశవ్వ పచ్చ కొంగు.  యంత్రానికి మా అవ్వ ఎందుకు? ఇది చెడిపోవడం కాదు. లోపల ఎవరో ఉన్నారు. తను లేనప్పుడు ఎవరో వచ్చి కూర్చొని, మా అవ్వనే చూస్తున్నారు.

ఎవరైనదీ ఆలోచించే తీరిక దొరకలేదు. సేటు అతిథులను వెంటబెట్టుకొని హాలులోకి ప్రవేశించాడు. ముందు ఆయన, వెనక తెల్లచొక్కాల వ్యాపారులు, చివర కొండల్. జిన్నుల హోరులో ఆయన ప్రసంగం ఎవరికీ వినపడకపోయినా చేతుల ఊపులోనే దాని ఘనత అర్థమవుతోంది. అద్దాల గది ముందు ఆగి, కోమల వైపు, తెర వైపు వేలు చూపాడు.

తెర నల్లగా ఉంది.

కోమల తాకింది. తెర వెలిగింది, ఎర్రగా వెలిగింది. గొట్టం బొమ్మ మొత్తం ఎరుపు. కూ— అని హారను సగం మోగింది. తెర ఆరిపోయింది. చప్పుడూ ఆగిపోయింది.

ఆమె మళ్లీ తాకింది. ఎరుపు. కూ— కెమెరాలో పోశవ్వ, గొట్టం నోటికి వీపు పెట్టి, పుల్లలు ఏరుతూ. ఎర్ర అరచేతి మీదికి వేలు పోయేలోపల తెర ఆరిపోయింది.

అద్దం అవతల సేటు ఆ కూతను యంత్రం అతిథులకు చేసిన స్వాగతంగా భావించి తల ఊపాడు.

కరీంనగర్‌లో బాలవ్వ మంచం మీంచి సగం లేచింది. మోకాళ్లు ఉన్నాయన్న సంగతి ఆమెకు గుర్తు లేదు. ఎర్రనివన్నీ మెరుస్తున్నాయి, డబ్బా మొత్తుకుంటోంది. చిన్నప్పుడు పత్తి కుప్ప కాలడం చూసిన మనిషి. ఎరుపుకు అర్థం ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. 'ఎర్రది ముట్టితే ఆగుతది.' వేలు చాచింది. తెర పోయింది. తాకింది. వచ్చింది. వేలు బొమ్మను చేరేసరికి మళ్లీ పోయింది.

"ఎవల్రా గుంజుకునేది!" అని ఆమె అరిచిన అరుపు నాలుగు గదులకు వినపడింది గానీ బోథ్‌కు వినపడలేదు.

బోథ్‌లో కోమల వేలు మళ్లీ లేచింది. లేచి, తెరకు జానెడు దూరంలో నిలిచిపోయింది.

లోపల ఉన్నదెవరో ఆమెకు తెలియదు. కానీ ఆ మనిషి ఎప్పుడూ చూసేది దూది గదినే. ఇప్పుడు చూస్తున్నదీ అదే అయి ఉండాలి. ఎరుపు వాళ్లకూ కనిపిస్తూ ఉండాలి, హారను వాళ్ల దగ్గరే మోగుతూ ఉండాలి. తను తాకిన ప్రతిసారీ వాళ్లు బయట పడుతున్నారు. వాళ్లు తాకిన ప్రతిసారీ తను. ఇలా తాకుతూ పోతే ఎర్ర అరచేతిని ఎవరి వేలూ చేరదు. ఒకరు వదిలేయాలి. వదిలేస్తే, అవతలి మనిషి తాకకపోతే? కొండల్ లాంటివాడెవడో వినోదం చూస్తున్నవాడైతే?

 తాకమని ఒళ్లంతా చెబుతోంది. తాకకుండా చేతిని వెనక్కి తీసుకోవడం, ఆమె జీవితంలో ఎత్తిన ఏ పత్తి బోరం మూట కంటే బరువైన పని; అయినా తీసుకుంది. ఆమె కుర్చీలోంచి లేచింది.

"సేటూ, మంట! తాళం తియ్యి!" అని అరుస్తూ అతిథులను తోసుకొని పరుగెత్తింది.

సేటుకు వినిపించింది కుర్చీ ఖాళీ కావడం ఒక్కటే. "ఏయ్ పిల్లా! కుర్చి! కుర్చి!" అన్నాడు. తర్వాత 'మంట' అన్న మాట ఆయన చెవిలోంచి మెదడుకు ప్రయాణం చేసింది. చేతులు జేబులన్నీ తడుముకోసాగాయి. తాళంచెవి రాలేదు, జేబులోంచి రుమాలు, ఫోను, సోంపు పొట్లం వచ్చాయి.

కోమల జిన్నుల వరస పక్కగా పరుగెత్తుతోంది. తల మీద గొట్టం, గొట్టంలో ఫ్యాను గాలి. ఆ హోరు మిల్లులో అందరికీ ఎంత అలవాటంటే ఎవరికీ వినపడదు. ఇప్పుడు ఆమెకు అదొక్కటే వినపడుతోంది. హోరు తగ్గలేదు. సగం హాలు దాటింది. తగ్గలేదు. తప్పు చేశాను, తాకాల్సింది, ఇంకొక్కసారి తాకాల్సింది అనుకుంటూ దూది గది తలుపు మీద చెయ్యి వేసింది.

అప్పుడు హోరు వంగింది. పెద్ద జంతువు నిట్టూర్చి పడుకున్నట్టు, దిగి, దిగి, ఆగిపోయింది.

ఆమె లోపలికి దూకేసరికి గొట్టం నోట్లోంచి నల్లని పొగ బద్ధకంగా వేలాడుతోంది. ఊదేవాళ్లు లేక కింద పడిన దూది ముద్ద ఒకటి అంచున ఎర్రగా రాజుకుంటోంది. కోమల తల్లి రెక్క పట్టుకొని ఈడ్చింది. పోశవ్వ పొగను చూడలేదు, కూతురిని చూసింది.

"నీ కుర్చీ ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవే? సేటు జూస్తడు, పో!"

ఆడవాళ్లందరూ బయటికి వచ్చాక, ఇసుక బకెట్లూ నీళ్ల పైపూ వచ్చాయి. దూది కొండ ఒక పక్కన నల్లబడింది, అంతే. పోశవ్వ కొంగు అంచు కాలి ముడుచుకుపోయింది. దాన్ని వేళ్లతో నలిపి చూసుకున్నాక గానీ ఆమె కూలబడలేదు.

తాళంచెవి, చొక్కా లోపలి జేబులో, అన్నీ అయిపోయాక దొరికింది.

చక్రవర్తి సభ అద్దాల గది ముందే కూడింది. భయపడ్డ ఏలికలకు కోపమే మందు. "ఫ్యాను దాని అంతల అది ఆగింది గాబట్టి సరిపోయింది. లేకపోతే? కుర్చీ ఇడిసిపెట్టి ఎవ్వలు ఉర్కుమన్నరు నిన్ను?"

"నేను ముందే జెప్పలేదా సేటూ," అన్నాడు కొండల్.

కోమల తెర వైపు చూస్తోంది. నల్లగా ఉంది. ఫ్యాను దానంతట అది ఆగదు. ఎవరు?

సేటు చేతిలోని ఫోను మోగింది. తల్లి పేరు చూసి, అతిథుల ముందు మాతృభక్తి ప్రకటించడానికి స్పీకరు పెట్టాడు. హారను కూతను స్వాగతమనుకోవడం మొదటిదైతే, ఇది ఆ రోజు ఆయన చేసిన రెండో పొరపాటు.

"అరేయ్ భూమిగా! పానం బోయినంత పనైంది గదరా! ఎర్రది ముట్టుదామంటే ఎవలో గుంజుకునుడు, ముట్టుదామంటే గుంజుకునుడు! ఆకర్కు ఇడిసిపెట్టిండ్రు, గప్పుడు ముట్టిన. ఆగిందా? పచ్చకొంగు ఆమెకేం గాలే గదా?"

 వ్యాపారుల్లో ఒకాయన దగ్గాడు.

కోమల సెలవు అడగకుండానే ఫోను దగ్గరికి వంగింది. "ఆగింది పెద్దవ్వా. పచ్చకొంగు మా అవ్వ. ఏం గాలే."

"నువ్వెవలు?"

"కోమలను. జిన్ను కాడ కూసుంట. గుంజింది నేనే."

అవతల బాలవ్వ గొంతు లేచింది.

"మూడొద్దుల సంది నువ్వేనా నన్ను ఎల్లగొట్టేది? నేను కోడలనుకున్న," అంది బాలవ్వ. తర్వాత గొంతు తగ్గించి, "మరి ఇయ్యాల ఎందుకు ఇడిసినవు బిడ్డా?"

"ఇద్దరం గుంజితే ఎవ్వలకు అందకపోతుండె పెద్దవ్వా."

"భూమిగా! ఇనవడ్తుందా? నా పేరు మీద తిప్పుమంటే, నా పేరు జెప్పి నన్నే కుర్చీల కెల్లి లేపుడా? ఎవల పేరు ఆళ్లకు పెట్టు. ఆ పిల్ల కుర్చీ ఆ పిల్లదే. నేను జెప్తున్న."

ఆ సామ్రాజ్యంలో శాసనానికి మీద శాసనం ఒక్కటే ఉంది. అది ఇప్పుడు స్పీకరులో, సాక్షుల ఎదుట వెలువడింది. కొండల్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

మర్నాడు అరుణ్ ఉట్నూర్ నుంచి జీపులో వచ్చాడు. సంగతి విని, సర్వరు ముందు కూర్చున్నాడు. నాలుగు పేర్లు మళ్లీ పెట్టాడు. హాలు గోడకు సైరను బిగించి నేరుగా తీగ కట్టాడు. ఫ్యాను డబ్బా తాళం విప్పించాడు. సేటు అన్నిటికీ తల ఊపాడు. ఒక్క షరతు మాత్రం వదులుకోలేదు: తెర ఎవరి పేరుతో తెరిచినా, నోటితో ముందు 'బాలవ్వ పేరు మీద' అనాల్సిందే. కోమలకు అందులో ఇప్పుడు అభ్యంతరం కనిపించలేదు. మనసారా అంది.

తెర ఆరలేదు. ఆ పూటంతా ఆరలేదు. మోటార్ల పేజీ పెడితే మోటార్ల పేజీయే ఉంది. ఇంతకాలం కోరుకున్నది ఇదే. అయినా కోమలకు నిశ్చింత కలగలేదు. ఆరిపోతుందేమోనన్న భయం పోయిన చోట, ఇప్పుడు తన కళ్లు తప్ప ఇంకే కళ్లూ లేవన్న భయం వచ్చి కూర్చుంది. ఆమె దూది గది పేజీ తెరిచింది. పోశవ్వ కొత్త కొంగుతో, దూది కొండ ముందు.

ఫోను మోగింది.

"కోమలా, నేను," అంది బాలవ్వ. "చూస్తున్నవా? మీ అవ్వ మల్ల మూతి కాడికే జరుగుతుంది. నేనీడికెల్లి అంటే ఇనవడది, నువ్వు పోయి జర ఇవతలికి గుంజు. నువ్వొచ్చేదాంక నేను చూస్త."

కోమల కుర్చీ వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత లేచి, దూది గది వైపు గబగబా నడిచింది.